పాత బాణీవాడన్న నింద – జాన్ డౌలండ్ జీవితము

1612వ సంవత్సరములో లండను నగరమున ఒక పాటల పుస్తకము వెలువడినది. కర్త దానికి పెట్టిన పేరునకు యాత్రికుని ఊరట అని అర్థము. అందలి పాటలు ఒక ఎత్తు, వాటికి ముందు చేర్చిన పీఠిక ఒక ఎత్తు. ఐరోపా ఖండమంతట పేరు మ్రోగిన విద్వాంసుడొకడు, ఏబదియవ యేట అడుగిడినవాడు, స్వదేశములో కొందరు తనను పాత బాణీవాడని త్రోసివేయుచున్నారని నొచ్చుకొని వ్రాసిన పీఠిక అది. సాధారణముగా ఆ కాలపు పీఠికలలో ప్రభువులను పొగడుదురు, అచ్చుతప్పులు మన్నింపుమని వేడుదురు. ఇతడు అట్లు కాక, తన మీద వచ్చిన విమర్శలను బాహాటముగా ఎత్తి చూపి వాటికి సమాధానమడిగినాడు. అతడే జాన్ డౌలండ్. ఆ విమర్శలో న్యాయమెంత, అతని సమాధానములో న్యాయమెంత అని తూచి చూడవలెనన్నచో అతని జీవితమును మొదటినుండి చూడవలసియున్నది.

ముందుగా వాద్యమును గూర్చి రెండు మాటలు. ల్యూటు మన పాఠకులలో చాలమందికి చిత్రపటములలో తప్ప పరిచయము లేనిది. బేరిపండును నిలువున కోసినట్లుండు గుల్ల, పొట్టి మెడ, వెనుకకు విరిచినట్లుండు తల దాని రూపము. పేరు అరబ్బుల ఊద్ నుండి వచ్చినది. వాద్యమును ఆ వంశములోనిదే. తంత్రులు గొర్రె ప్రేగులతో చేసినవి, ఎక్కువ భాగము జంటలుగా బిగించినవి. మన వీణ మెట్లు మైనములో కదలకుండ నాటినవి. ల్యూటునకు మెట్లును ప్రేగు తంత్రులే, మెడచుట్టు ముడివేసి కట్టినవి, కావలసినప్పుడు జరుపుకొనదగినవి. వీణ మీద వలె తంత్రిని లాగి గమకము పలికించుట అందులో ముఖ్యము కాదు. ఒక్క మనిషి రెండు మూడు స్వరధారలను ఏకకాలమున నడిపించుటయే దాని విద్య.

ఆ వాద్యమునకు గల లిపియును విచిత్రమైనది. అందులో స్వరముల పేర్లుండవు. ఏ తంత్రి మీద ఏ మెట్టు దగ్గర వ్రేలుంచవలెనో అక్షరములతో గుర్తించి, పైన కాలమానము వ్రాయుదురు. కనుక ఎడమచేతి పని ఆ లిపిలో స్పష్టముగా కనబడును. కుడిచేయి నాదమును ఎట్లు పుట్టింపవలెనో, కొన్ని చుక్కలు తప్ప, అది చెప్పదు. బాణీ అన్నది ఆ చెప్పని చోటనే ఉన్నది. ఇక్కడ మనము చెప్పుకొనబోవు తగవులో పెద్ద భాగము అక్కడ పుట్టినదే.

డౌలండ్ 1563లో పుట్టినాడు. 1580లో ఫ్రాన్సు రాజాస్థానమునకు ఇంగ్లండు రాయబారిగా నుండిన సర్ హెన్రీ కాబమ్ కొలువులో పారిస్ చేరినాడు. అక్కడ అతనికి రెండు లభించినవి: ఫ్రెంచి వాదకుల సహవాసమొకటి, రోమను కాథలిక్కు మతమొకటి. మొదటిది అతనికి జీవితాంతము అక్కరకు వచ్చినది. రెండవది, ప్రొటెస్టెంటు రాణి ఏలుచున్న దేశములో, అతని ప్రతి ఆశాభంగమునకు కారణముగా చెప్పుకొనుటకు పనికివచ్చినది. 1588 జూలై 8న ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము అతనికి సంగీతములో పట్టమిచ్చినది. థామస్ మోర్లీ అను మరొక ప్రసిద్ధ స్వరకర్తయు అదే దినమున ఆ పట్టము పొందినాడు.

1594లో ఎలిజబెత్తు రాణి ఆస్థాన ల్యూటు విద్వాంసుడు జాన్ జాన్సన్ చనిపోయినాడు. ఖాళీ అయిన ఆ కొలువును డౌలండ్ కోరినాడు. అది అతనికి దక్కలేదు. తన మతమే తనకు అడ్డు వచ్చినదని అతడు నమ్మినాడు, వ్రాసినాడు, బహుశః చివరివరకు ఆ నమ్మకము విడువలేదు. కాని విలియం బర్డ్ కాథలిక్కుగా నుండియే రాణిగారి ప్రార్థనామందిర గాయకబృందములో నిలిచినాడు గదా! పైగా జాన్సన్ స్థానములో వెంటనే మరెవ్వరిని నియమించలేదు. కొన్నేండ్లు అది ఖాళీగానే ఉండినది. ఖజానా పొదుపు కొరకు ఆపిన ఉద్యోగమును అతడు తన మీద పగగా భావించినాడని తోచును. ఇతరుల విమర్శలోని అన్యాయమును పసిగట్టుటలో చురుకైన ఈ మనిషి, తనకు జరిగినదానికి కారణము వెదకుటలో అంత నిదానము చూపలేదు.

అప్పుడు దేశాంతరము పోయినాడు. బ్రున్స్‌విక్ డ్యూకు హైన్రిక్ జూలియస్ అతనిని ఆదరించి బంగారు గొలుసును ధనమును బహూకరించినాడు. అక్కడ గ్రెగరీ హౌవెట్ అను ల్యూటు విద్వాంసుడు స్నేహితుడైనాడు. ఈ పేరు మరల మనకు పనికివచ్చును. హెస్సె ప్రభువు మోరిట్జ్, తానును సంగీతజ్ఞుడే, ఇంగ్లండులో నున్న డౌలండ్ భార్యకు ఉంగరము పంపినాడు. అక్కడినుండి ఇటలీ. రోమునకు పోయి లూకా మారెంజియో అను మహాస్వరకర్త దగ్గర నేర్చుకొనవలెనని అతని కోరిక. వెనిసు, పాదువా, ఫెర్రారా చూచి ఫ్లారెన్సు చేరి అక్కడి ప్రభువు ఎదుట వాయించినాడు. ఆ నగరములో, స్వదేశము విడిచి వచ్చిన ఆంగ్ల కాథలిక్కులు కొందరు అతనిని చుట్టుకొన్నారు. వారి మాటలలో రాణిమీద కుట్ర వాసన తగిలినది. డౌలండ్ గుండె జారినది. రోము ప్రయాణము మానుకొని జర్మనీకి తిరిగివచ్చి, 1595 నవంబరు 10న నూరంబర్గు పట్టణమునుండి రాణిగారి మంత్రి సర్ రాబర్ట్ సెసిల్‌కు సుదీర్ఘమైన లేఖ వ్రాసినాడు. తాను చూచినది విన్నది చెప్పినాడు, తన రాజభక్తిని చాటుకొన్నాడు, కొలువు దక్కకపోవుటను గూర్చిన నొప్పిని కూడ అందులో కలిపినాడు. ప్రాణభయముతో వ్రాసిన జాబులోనైనను ఉద్యోగము మాట మరువలేని మనిషి!

1596లో సర్ హెన్రీ నోయెల్ అను ఆస్థానికుడు, రాణి నిన్ను తలచుకొనుచున్నది, రమ్మని కబురంపినాడు. డౌలండ్ ఆశతో తిరిగివచ్చినాడు. 1597 ఫిబ్రవరిలో నోయెల్ కన్నుమూసినాడు. ఆశ్రయము పోయినది. మిత్రునికై శోకగీతములు కూర్చి, అదే సంవత్సరము తన మొదటి పాటల పుస్తకమును అచ్చువేయించినాడు. ఆ పుస్తకము అదృష్టము వేరు. 1613 లోపల ఐదు ముద్రణలు పొందినది. పుస్తకమును బల్లమీద విప్పి పెట్టిన, చుట్టు కూర్చున్న గాయకులు ఎవరివైపునుండి వారు తమ భాగమును చదువుకొనునట్లు పుటలను అమర్చినారు. ఒక్కడు ల్యూటుతో పాడుకొనవచ్చును, నలుగురు కలిసి పాడవచ్చును. ఇంటింట సంగీతమునకు ఇంత అనువైన పుస్తకము అంతకుముందు ఇంగ్లండులో లేదు.

ఆ పుస్తకపు పీఠికలోనే మన కథకు మూలమైన మాటయున్నది. ముందటి యేడు విలియం బార్లీ అను ప్రచురణకర్త డౌలండ్ వాయించు కృతులు కొన్నింటిని అతని అనుమతి లేకయే అచ్చువేసినాడు. అవి తప్పులతడకలని డౌలండ్ చెప్పుకొని, త్వరలోనే తన వాద్యకృతులలో మేలైనవాటిని తానే ప్రకటింతునని, వ్రేళ్ల నడకను గూర్చిన ప్రవేశికను కూడ వ్రాయుదునని మాట ఇచ్చినాడు. ఆ మాట చెల్లలేదు. ఆ రెండు పుస్తకములును వెలువడలేదు. నేడు అతనివిగా లభించు వంద ఉజ్జాయింపు వాద్యకృతులలో హెచ్చుపాలు ఇతరుల వ్రాతప్రతులలో నిలిచినవే. ఒకే కృతి ఒక ప్రతిలో ఒక విధముగ, మరొక ప్రతిలో మరొక విధముగ కనబడును. తనను తప్పుగా అచ్చువేసినారని కోపగించినవాడు ఒప్పైన ప్రతిని లోకమునకు ఇచ్చి పోకపోవుట అతని జీవితములోని పెద్ద లోటు. పదునైదేండ్ల తరువాత అదే లోటు అతని మీదికి తిరిగివచ్చినది.

1598 నవంబరులో డెన్మార్కు రాజు నాలుగవ క్రిస్టియన్ అతనిని ఆస్థానములో చేర్చుకొన్నాడు. సంవత్సరమునకు 500 డాలరుల జీతము. ఆ కొలువులోని పెద్ద ఉద్యోగుల సరసన నిలుపు మొత్తమది. స్వదేశములో చిన్న ఉద్యోగమైనను దొరకనివానికి పరదేశములో రాజమర్యాద! ఈ మాటను డౌలండ్ తరువాత అనేక పర్యాయములు దెప్పిపొడుపుగా వాడుకొన్నాడు. అతడు అక్కడ నుండగా అతని భార్య రెండవ పాటల పుస్తకపు వ్రాతప్రతిని లండనులో 20 పౌనులకు, అంకితమువలన రాబోవు పారితోషికములో సగమునకు అమ్మినది. ప్రచురణకర్తకు ముద్రాపకునికి పుట్టిన వ్యాజ్యము వలన ఈ లెక్క మనకు తెలిసినది. 1600లో వచ్చిన ఆ పుస్తకములోనే, కన్నీటిని సంబోధించు ప్రసిద్ధ గీతమున్నది. నాలుగు స్వరములు మెట్టుమెట్టుగా క్రిందికి దిగుట దాని ప్రాణము. అదే వరుసను అతడు ముందే ల్యూటు మీద పలికించియున్నాడు. 1604లో వయోల్ వాద్యములు ఐదింటికి ల్యూటును జతచేసి ఏడు విధములుగ మరల కూర్చినాడు. లాక్రిమే అను ఆ సంపుటి ఇంగ్లండు రాణియు, డెన్మార్కు రాజు సోదరియునైన ఆన్‌కు అంకితము. బర్డ్, హాలండులోని స్వేలింక్ వంటివారు ఆ వరుసను మీటల వాద్యములకు మలచుకొన్నారు.

సెలవు మీద స్వదేశము వచ్చిన డౌలండ్ గడువు దాటి నిలిచిపోయినాడు. గాలులు మంచు తన ఓడను అడ్డగించినవని చెప్పినాడు. 1606లో డెన్మార్కు కొలువు పోయినది. అప్పులతో లండను చేరునప్పటికి రాణి ఎలిజబెత్తు లేదు, జేమ్సు రాజు ఏలుచున్నాడు. రాజుగారి ల్యూటు కొలువులో 1604లోనే ఒక యువకుడు ప్రవేశించియున్నాడు. అతడు రాబర్ట్ జాన్సన్. ఆ పూర్వపు జాన్ జాన్సన్ కుమారుడు. తండ్రి స్థానము తనకు రాలేదని పదేండ్లు కుమిలినవాని కంట, అదే ఆస్థానములో కొడుకు వాయించుచుండుట ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును. అయినను పీఠికలో ఆ యువకుని పేరు లేదు. అది డౌలండ్ సంస్కారమునకు లెక్కింపదగినది.

పూర్వపు మర్యాదను తిరిగి సంపాదించుటకు అతడు చేసిన మొదటి పని నాకు కొంత నవ్వు, కొంత జాలి పుట్టించును. 1609లో ఆర్నితోపార్కస్ అను జర్మను పండితుని సంగీతశాస్త్రమును ఆంగ్లములోనికి తెచ్చినాడు. ఆ గ్రంథము మొదట 1517లో లైప్‌జిగ్‌లో అచ్చయినది. పాత బాణీవాడను నింద మూగుచున్న వేళ, తొంబది యేండ్ల నాటి పాఠ్యగ్రంథమును భుజాన వేసికొని వచ్చుట! శాస్త్రము రానివారు తనను ఆక్షేపించుచున్నారని అతని ఉద్దేశము. లోకము చదువుకొన్నది వేరు.

అయితే మరుసటి యేడు కుమారుడు రాబర్ట్ పేరున వెలువడిన రెండు పుస్తకములు ఇంకొక సాక్ష్యమిచ్చును. ఒక దానిలో ఇటలీ నవీన గాయకుడు కచ్చీని పాటలున్నవి. డౌలండ్ కూర్చిన ఒక చీకటి పాటయు అందున్నది. చీకటిలో బ్రతుకనిమ్మని వేడు ఆ పాట చివర గొంతు మొదటి పాదమునకే తిరిగివచ్చి, ముగింపు కుదరకయే ఆగిపోవును. ఆనాటి ఇంగ్లండులో అంతటి సాహసము మరొకరు చేయలేదని చెప్పిన తప్పులేదు. రెండవ పుస్తకము ల్యూటు పాఠముల సంకలనము. అందులో ప్రేగు తంత్రులను ఎంచుకొనుట, మెట్లు కట్టుట, శ్రుతి చేయుట గూర్చి డౌలండ్ స్వయముగా వ్రాసిన ప్రకరణమున్నది. కుడిచేతి విషయము మాత్రము బెసార్ అను ఫ్రెంచి వాదకుని రచనకు అనువాదము. పదమూడేండ్ల నాడు తాను వ్రాయుదునన్న భాగమునకు పరాయివాని పాఠము వచ్చి కూర్చున్నది!

ఇక 1612 నాటి పీఠిక. డౌలండ్ అందులో ఎవ్వరిమీద ఫిర్యాదు చేసినాడు? మొదట గాయకులు. పాటను ముక్కలుముక్కలుగ విరిచి వేగపు పలుకులు కురిపించుటయే విద్యయనుకొని, శాస్త్రములో ఓనమాలైనను రానివారు, తాను పరోక్షమున నుండగా తన సంగీతము పాత రీతిదని చెప్పుకొనుచున్నారట. మన కచేరీలలో సంగతులు కుప్పపోసి భావమును మరచు విద్వాంసులను ఎరిగినవారికి ఈ ఫిర్యాదు క్రొత్త కాదు. తరువాత యువ ల్యూటు వాదకులు. తమవంటివారు ఎన్నడును పుట్టలేదని వారి డంబము. కాని సముద్రము దాటి వచ్చు విదేశీయులు, ఆంగ్లేయులకు ల్యూటు మీద వ్రేళ్లు నడుపు సరియైన పద్ధతియే లేదని ముఖము మీద చెప్పుచుండగా వీరు నోరు మెదపరు. నైపుణ్యము వ్రేలికొసలలో మాత్రమే లేదు, సమాధానమును వ్రాసి చూపుడని డౌలండ్ అడిగినాడు. చివర, వయోల్ వాద్యమును సమర్థించుచు ఒకరు పుస్తకము వ్రాసి ల్యూటును పేరు పెట్టి దిగజార్చినారని, దానికైనను వీరు జవాబు చెప్పలేదని ఎత్తిపొడిచినాడు. మరి నీవే ఎందుకు వ్రాయవు అను ప్రశ్నను తానే వేసికొని, వయసు మళ్లినది, ధనము లేదు, తీరిక లేదు, ప్రోత్సాహము లేదు అని ఊరకొన్నాడు. తన కృతులు పారిస్ మొదలు హాంబర్గు వరకు ఎనిమిది నగరములలో అచ్చయినవని మాత్రము గుర్తు చేయుట మరువలేదు.

ఇందులో న్యాయమెంత? వయోల్ పుస్తకము వ్రాసినవాడు టొబయాస్ హ్యూమ్ అను సైనికుడు. అది 1605 నాటిది. తన వాద్యము ల్యూటునకు సరిజోడుగ నిండైన సంగీతము పలుకగలదన్నాడే కాని ల్యూటును తక్కువ చేయలేదు. సమానమనుటను అవమానముగా తీసికొనుట డౌలండ్ పొరపాటు. పైగా ఆ పుస్తకములోనే డౌలండ్ కొన్ని పాటలకు వయోల్ వాద్యమును ఎంతో మనోహరముగ జోడించినాడు. నోటితో ఖండించినదానిని చేతితో ఒప్పుకొన్నాడు. యువకుల విషయములో అతని కోరిక సబబైనదే: విమర్శించువాడు పేరు పెట్టి, అచ్చులో, కారణములతో చెప్పవలెను. వారు అట్లు చెప్పలేదు. అతడు ఎదిరించిన ఆక్షేపణలలో చాలభాగము మనకు అతని ఫిర్యాదు ద్వారానే తెలియుట ఒక విచిత్రము. కాని వ్రేళ్ల నడకను గూర్చి వ్రాయవలసిన బాధ్యత అందరికంటె ముందు ఎవరిది? 1597లో మాట ఇచ్చినవానిది కాదా?

పాత బాణీ అను నిందను గూర్చి మాత్రము గట్టి సాక్ష్యమొకటి మనకు దొరికినది. పూర్వపు ల్యూటు వాదకులు కుడిచేతిని తంత్రులకు దాదాపు సమాంతరముగ ఉంచి, బొటనవ్రేలిని అరచేతి లోపలికి, ఇతర వ్రేళ్ల క్రిందుగా నడుపుచుండిరి. బొటనవ్రేలు ఒక స్వరము బరువుగా, చూపుడువ్రేలు మరొకటి తేలికగా మీటుచు పోగా వేగపు వరుసలకు ఒక ఊపు వచ్చును. తరువాత మంద్రపు తంత్రులు పెరిగినకొలది, బొటనవ్రేలిని బయటికి చాచి ఉంచు పద్ధతి వచ్చినది. బెసార్ చెప్పినది ఇదే. ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గు సంగీతాధిపతి స్టొబేయస్ వ్రాతప్రతి ఒకటి నేడు బ్రిటిషు లైబ్రరీలో కలదు. చాచిన బొటనవ్రేలి నాదము శుద్ధముగ, స్పష్టముగ నుండునని చెప్పుచు, ఆ పద్ధతి అవలంబించిన గొప్పవారిలో డౌలండ్ మిత్రుడైన ఆ గ్రెగరీ హౌవెట్‌ను, డౌలండ్‌ను అది పేర్కొన్నది. డౌలండ్ మొదట లోపలి పద్ధతిలో వాయించి తరువాత మార్చుకొన్నాడనియు చెప్పినది. చిన్ననాటినుండి అలవడిన చేతిని పేరు ప్రతిష్ఠలు వచ్చిన తరువాత మార్చుకొనుట ఎంత కష్టమో వాద్యము పట్టినవారికి తెలియును. అట్టి మనిషిని పాత బాణీవాడనుట చెల్లదు. ఈ సంగతి అతడే నాలుగు పంక్తులలో వ్రాసియుండిన ఆ నింద ఆనాడే పోయియుండును.

ఇరువదవ శతాబ్దిలో ఈ తగవు తలక్రిందులై మరల వచ్చినది. 1950 నుండి జూలియన్ బ్రీమ్ అను ఆంగ్ల వాదకుడు డౌలండ్ కృతులను సభలలో, రికార్డులలో వినిపించి లోకమునకు తిరిగి రుచి చూపినాడు. గిటారు నేర్చిన చేయి అతనిది; గోళ్లతో మీటినాడు, అతని ల్యూటు బరువైన కట్టడము. తరువాతి తరమువారు తేలికపాటి వాద్యములు చేయించుకొని, వ్రేలికొసలతో మీటుచు, అతనిది సరియైన పురాతన పద్ధతి కాదని ఆక్షేపించినారు. డౌలండ్ నాడు పాతదని నింద. ఇప్పుడు చాలినంత పాతది కాదని నింద! ఆక్షేపణ శాస్త్రరీత్యా సరియైనదే. కాని ఆ ఆక్షేపించినవారిలో పలువురు ల్యూటు నాదమును మొదట విన్నది బ్రీమ్ చేతనే కాబోలునని నాకు తోచును. 1972లో డయానా పౌల్టన్ వ్రాసిన జీవితచరిత్ర వచ్చిన తరువాత ఈ వాదములకు ఆధారములైనను చేతికందినవి.

పీఠిక అచ్చయిన సంవత్సరముననే హెన్రీ పీచమ్ అను కవిమిత్రుడు తన చిత్రపద్య సంపుటిలో డౌలండ్‌ను, మంచుకాలములో ముండ్లకొమ్మ మీద ఒంటరిగా కూర్చున్న కోకిలవంటి గానపక్షిగా చిత్రించినాడు. ఆ మంచు త్వరలోనే కరిగినది. 1612 అక్టోబరు 28న జేమ్సు రాజు అతనిని తన ల్యూటు వాదకులలో చేర్చుకొన్నాడు. దినమునకు 20 పెన్నీలు. డెన్మార్కు జీతముతో పోల్చదగినది కాదు, కాని పదునెనిమిదేండ్లు కోరినది అదే. ఆశ్చర్యమేమనగా, కోరినది దక్కిన తరువాత అతడు దాదాపు మౌనము వహించినాడు. 1614లో ఒక భక్తిగీతముల సంపుటికి కొన్ని కూర్చి ఇచ్చుట తప్ప, ప్రకటించినది లేదనవచ్చును. 1622లో పీచమ్ మరల వ్రాయుచు, వచ్చిన అవకాశములను చాల జారవిడిచినవాడని అతనిని గూర్చి చెప్పినాడు. మిత్రుడు చేసిన ఈ విమర్శలో పగ లేదు, పొగడ్తయు లేదు. మరణించిన చాలకాలమునకు, 1662లో ప్రకటితమైన గ్రంథమున థామస్ ఫుల్లర్ అతనిని ఉల్లాసముగ కాలము గడపిన మనిషిగా వర్ణించినాడు. కన్నీటి వరుసతో జగత్ప్రసిద్ధుడై, తన పేరుతోనే నిత్యదుఃఖి అని లాటినులో శ్లేష కట్టుకొన్నవానికి ఈ వర్ణనయా అని పండితులు నవ్వుదురు. నేను నవ్వను. నృత్యమునకై అతడు కూర్చిన గాలియర్డులు విన్నవారు ఫుల్లర్‌ను పూర్తిగా త్రోసిపుచ్చలేరు.

1626 ఫిబ్రవరి 20న బ్లాక్‌ఫ్రయర్స్‌లోని సెయింట్ ఆన్ చర్చి ఆవరణలో అతనిని ఖననము చేసినారు. అదే సంవత్సరము ఏప్రిలులో అతని కొలువు కుమారుడు రాబర్ట్‌కు దక్కినది. తండ్రి పదునెనిమిదేండ్లు వేచిన ఆస్థానములో కుమారుడు వేచినది రెండు నెలలు.